కుడితి గోలెం నుంచి సెమకావ్ దీవి దాకా



సింగపూర్ చరిత్ర మీద ఏదైనా మాట్లాడమని రేడియో మిత్రులు అడిగినప్పుడు, నా దగ్గర ర్యాఫిల్స్ దొర గురించో, సెరంగూన్ రోడ్డు గుళ్ల గురించో వినాలనుకున్నారేమో. నేను చెత్త గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో అవతల కాసేపు చప్పుడు లేదు. "చెత్తకి చరిత్ర ఏముంటుందండీ?" అన్నారు చివరికి. ఉందండీ, చాలా ఉంది. పైగా అందులో మనకు తెలిసిన మాటలు, మనకు తెలిసిన వస్తువులు కూడా ఉన్నాయి. కాస్త ఓపిగ్గా వింటే మీకే తెలుస్తుంది.

మేము ఈ ఊరు వచ్చింది 1996లో. మొదట ఆంగ్ మో కియోలో పాత హెచ్‌డీబీ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. ఆ పాత ఫ్లాట్లలో వంటింటి గోడకే ఒక ఇనప తలుపు ఉండేది. తలుపు లాగి చెత్త సంచి అందులో పడేస్తే, అది గొట్టంలోంచి జారి కింద ఎక్కడో దబ్బున పడేది. దాన్ని చ్యూట్ అంటారు. 1989 తరువాత కట్టిన ఫ్లాట్లకు ఇంట్లో కాకుండా బయట అంతస్తుకి ఒకటి చొప్పున ఉంటుంది కాబట్టి, ఈమధ్య వచ్చినవాళ్లకు ఆ వంటింటి చ్యూట్ సుఖం తెలియదు. నాకైతే అది చూసి ప్రాణం లేచొచ్చింది. ఇండియాలో చెత్త బుట్ట పట్టుకుని వీధి చివరిదాకా నడిచినదాన్ని మరి.

మరుసటి ఏడాది మా అత్తగారు వచ్చారు. ఆవిడది రాజమండ్రి దగ్గర కడియం. వచ్చిన మర్నాడు పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టుకుని, వంటింట్లో నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు.

"అమ్మాయ్, కుడితి ఎక్కడ పొయ్యాలి?"

"సింకులో పోసెయ్యండి అత్తయ్యా."

"మరి ఈ తొక్కలూ, అన్నం మెతుకులూ?"

నేను గర్వంగా చ్యూట్ తలుపు లాగి చూపించాను. ఆవిడ తొంగి చూసి, "ఇదెక్కడికి పోతుంది?" అన్నారు. కిందికి అన్నాను. "అక్కణ్ణుంచి?" లారీలో వెళ్తుందన్నాను. "లారీ ఎక్కడికెళ్తుంది?" నాకు తెలియదు. ఏడాది నుంచీ రోజూ పడేస్తున్నాను, అది ఎక్కడికి పోతుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. "ఇంత ఊళ్లో ఒక్క గేదె కూడా లేదా?" అని ఆవిడ నిట్టూర్చారు.

ఆ ఆదివారం లిటిల్ ఇండియాకి తీసుకెళ్లి బఫెలో రోడ్డు చూపించాను. దాని పక్కనే కెర్బావ్ రోడ్డు. మలయ్ భాషలో కెర్బావ్ అంటే గేదె. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా పశువుల కొట్టాలే. ఊరికి పాలూ మాంసమూ అక్కణ్ణుంచే. ఇప్పుడు పేరు మిగిలింది, గేదెలు మిగల్లేదు. అత్తగారికి ఆ సమాధానం ఏమాత్రం నచ్చలేదు.

కానీ ఆవిడకి ఈ ఊళ్లో ఒక నేస్తం దొరికాడు. వారానికోసారి కింద హారన్ మోగేది, పాం పాం అని రబ్బరు బూర చప్పుడు. ముసలి చీనా ఆయన ఒకడు తోపుడు బండి పెట్టుకుని, పాత పేపర్లూ, బట్టలూ, చెడిపోయిన రేడియోలూ కొనడానికి ఒక్కో అంతస్తు తిరిగేవాడు. వాళ్లని ఇక్కడ కరంగ్ గుని అంటారు. మలయ్ భాషలో కరుంగ్ అంటే సంచి. మరి గుని అంటే? "గోనె!" అన్నారు అత్తగారు, ఎవరూ చెప్పకుండానే. నిజమే. మన గోనె, తమిళుల కోణి, ఇంగ్లీషువాళ్ల గన్నీ, మలయ్ గుని అన్నీ ఒక ఇంటి పిల్లలే. మన దేశపు జనపనార సంచులతో పాటు మాట కూడా ఓడెక్కి వచ్చింది. మన పాత సామాన్లవాడే, సముద్రం ఇవతల. ఆయనకి తెలుగు రాదు, ఆవిడకి హొక్కియెన్ రాదు, అయినా కిలో పేపర్ల దగ్గర ఇద్దరూ పావుగంట బేరమాడేవారు.

ఇక అసలు చరిత్రలోకి వద్దాం.

మా అత్తగారు వెతికిన కుడితి గోలెం ఈ ఊళ్లో నిజంగానే ఉండేది. ఆవిడ పదేళ్లు ఆలస్యంగా వచ్చారు, అంతే. 1980ల దాకా పుంగోల్, ఆ చుట్టుపక్కల పల్లెలు పందుల పెంపకానికి పెట్టింది పేరు. పందులు పెంచేవాళ్లు ఇళ్ల దగ్గరా, భోజనపు బళ్ల దగ్గరా మిగిలిన అన్నం, కూరగాయల తుక్కు డబ్బాల్లో పోగుచేసుకుని వెళ్లేవారు. అది ఉడకబెట్టి పందులకు పెట్టేవారు. మన కుడితికీ దానికీ తేడా తాగే జంతువులోనే.

అంతకుముందు ఇంకా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మరుగుదొడ్ల మలాన్ని కూడా వృథా పోనిచ్చేవారు కాదు. చీనా కూలీలు బకెట్లలో మోసుకెళ్లి ఊరి చుట్టూ ఉన్న కూరగాయల తోటలకు ఎరువుగా అమ్మేవారు. అంటే తిన్నది, తినగా మిగిలింది, చదివిన కాగితం, చిరిగిన బట్ట అన్నీ ఎవరో ఒకరి చేతికి వెళ్లేవి. ఎవరో ఒకరికి నాలుగు డబ్బులు వచ్చేవి. ఊరి బయట పారబోసేది లేకపోలేదు గానీ, అది ఇవాళ్టితో పోలిస్తే చాలా తక్కువ.

ఇది విని "ఆహా, పాతకాలం ఎంత బాగుండేదో" అనుకునేవాళ్లు ఉంటారు. నేను అలా అనను. ఆ మలం బకెట్లతో కలరా, టైఫాయిడ్ కూడా ఊరంతా తిరిగేవి. బకెట్ల పద్ధతి పూర్తిగా ఆగింది 1987లో. అంటే మనలో కొందరు బడికి వెళ్తున్న రోజుల్లో కూడా సింగపూర్‌లో కొన్నిచోట్ల బకెట్ మోసే మనిషి ఉన్నాడు. పందుల దొడ్ల మురుగంతా వాగుల్లో కలిసేది. 1977లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ, పదేళ్లలో సింగపూర్ నదినీ, కల్లాంగ్ ప్రాంతపు నీళ్లనూ శుభ్రం చెయ్యాలని చెప్పాక, కల్లాంగ్ పరీవాహకంలో 610 పందుల దొడ్లు, 500 బాతుల దొడ్లు ఎత్తేశారు. 1984లో అసలు దేశంలోనే పందుల పెంపకం వద్దనుకున్నారు. 1990 నాటికి పుంగోల్‌లో దొడ్లు లేవు. నదులు బాగుపడ్డాయి, అందులో సందేహం లేదు. కానీ ఊరి ఎంగిలి తీసుకెళ్లే చెయ్యి కూడా వాటితోనే పోయింది. ఆ మెతుకులన్నీ అప్పటినుంచి చ్యూట్‌లో పడడం మొదలుపెట్టాయి.

మరి వీధులు ఊడ్చినవాళ్లు ఎవరు? వలస పాలన రోజుల నుంచీ ఇక్కడి మున్సిపాలిటీ పారిశుద్ధ్యం పనిలో దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, అందులోనూ తమిళులు. బర్మాలోని రంగూన్‌లో అదే పని చేసింది ఎక్కువగా మన తెలుగువాళ్లు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లారని అక్కడ వాళ్లందరినీ కోరంగీలు అనేవారు. మనం విదేశాల్లో తెలుగువాళ్ల చరిత్ర చెప్పుకునేటప్పుడు డాక్టర్లనూ ఇంజనీర్లనూ లెక్కపెడతాం గానీ, చీపురు పట్టినవాళ్లను ఎందుకో వదిలేస్తాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1967 ఫిబ్రవరిలో సింగపూర్‌లో దినకూలీ పారిశుద్ధ్య కార్మికులు సుమారు 2,400 మంది సమ్మె చేశారు. వాళ్ల నాయకుడు కె. సుప్పయ్య. ప్రభుత్వం ఆ సమ్మె చట్టవిరుద్ధమంది. సుప్పయ్యనూ, మరికొందరు నాయకులనూ అరెస్టు చేసింది. సమ్మె చేసినవాళ్లు తమ ఉద్యోగాలు తామే వదులుకున్నట్టు లెక్క అని ప్రకటించింది. కావలసినవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చంది. చాలామంది పెట్టుకున్నారు, పెట్టుకోక ఏం చేస్తారు? ఆ మరుసటి ఏడాది, 1968 అక్టోబరు 1న, పరిశుభ్ర సింగపూర్ ఉద్యమం ఘనంగా మొదలైంది. రెండో సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. మొదటిది తెలిసినవాళ్లు తక్కువ.

సరే, ఊరు పెరిగింది, ఆకాశంలోకి ఫ్లాట్లు లేచాయి. 1970లో రోజుకు 1,260 టన్నుల చెత్త పారేసేవారట. 2016 నాటికి అది 8,559 టన్నులయింది. జనాభా అంత పెరగలేదు, మూడు రెట్లు కూడా కాలేదు. చెత్త దాదాపు ఏడు రెట్లయింది. ఆ తేడా అంతా మనం కొన్నదీ, విప్పిపారేసిందీ.

మొదట్లో ఊరికి దూరంగా బురద నేలల్లో పోసేవారు. అలాంటి చోట్లలో ఒకటి లోరోంగ్ హలుస్. పుంగోల్‌లో ఉండేవాళ్లకు నేను ఎక్కడ చెప్తున్నానో అర్థమై ఉంటుంది. సెరంగూన్ జలాశయం మీద ఎర్ర వంతెన ఒకటి ఉంది, సాయంత్రాలు పిల్లలతో ఫొటోలు దిగుతాం చూడండి, ఆ వంతెన దాటితే వచ్చేదే అది. 1970 నుంచి 1999 దాకా దేశపు చెత్త అక్కడ పోశారు. ఇవాళ రెల్లు పొదలూ, తూనీగలూ, కొంగలూ ఉంటాయి. ఆ రెల్లు అందానికి వేసింది కాదు. కింద పాతిన చెత్తలోంచి ఊరే మురుగు జలాశయంలో కలవకుండా పట్టి, ఆ రెల్లు మడుల గుండా పోనిచ్చి శుభ్రం చెయ్యడానికి కట్టిన ఏర్పాటు. 2011లో దాన్ని జనానికి తెరిచారు. చెత్త పోయడం ఆపేసి పాతికేళ్లు దాటింది, దాని మురుగుకి కాపలా ఇంకా నడుస్తూనే ఉంది.

చిన్న దేశం, ఎక్కడని పోస్తారు? అందుకని కాల్చడం మొదలుపెట్టారు. 1979లో ఉలు పాండాన్‌లో మొదటి ఇన్సినరేటర్ వచ్చింది. తరువాత 1986లో తువాస్, 1992లో సెనోకో, 2000లో తువాస్ సౌత్. కాలిస్తే చెత్త పరిమాణం పదోవంతుకు తగ్గుతుంది, ఆ వేడితో కరెంటు కూడా వస్తుంది. ఇంజనీరింగ్‌గా చూస్తే గొప్ప పనే. కానీ పదోవంతు బూడిద మిగులుతుంది కదా. ఆ బూడిద ఎక్కడ పొయ్యాలి?

సముద్రంలో పోద్దామన్నారు. తీరానికి దక్షిణాన సెమకావ్, సకెంగ్ అని రెండు దీవులుండేవి. వాటి మధ్య నీళ్లను ఏడు కిలోమీటర్ల కట్టతో చుట్టేశారు. మురుగు బయటకి రాకుండా కట్టలో పొర వేసి, సముద్రపు బంకమట్టి దట్టించారు. 350 హెక్టార్ల స్థలం, 61 కోట్ల సింగపూర్ డాలర్ల ఖర్చు. 1999 మార్చి 31న లోరోంగ్ హలుస్ మూశారు, మర్నాడు ఏప్రిల్ 1న సెమకావ్ తెరిచారు. ఒక్కరోజు కూడా ఖాళీ లేదు, చెత్త ఆగదు గనుక.

ఆ దీవుల్లో మనుషులు లేరా అని అడగాలి మనం. ఉన్నారు. మలయ్ జాలర్లు, నీళ్ల మీద గుంజలు పాతి కట్టుకున్న ఇళ్లల్లో తరాలుగా ఉన్నవాళ్లు. సెమకావ్ వాళ్లు 1970లలోనే ఫ్లాట్లకు మారారు. సకెంగ్ ఆఖరివాళ్లు 1994 నాటికి ఖాళీ చేశారు. శ్రీశైలం డ్యామ్ కింద ఊళ్లు వదిలినవాళ్లు మన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేలమంది ఉన్నారు కాబట్టి, ఈ కథ మనకి కొత్తగా ఉండదు. అక్కడ నీళ్ల కోసం, ఇక్కడ బూడిద కోసం.

నేను కొన్నేళ్ల క్రితం ఒక బృందంతో ఆ దీవి చూసొచ్చాను. 2005 నుంచి ముందే పేరు రాయించుకుని వెళ్లినవాళ్లను తిప్పి చూపించేవారు. వాసన వస్తుందని రుమాలు తీసుకెళ్లాను, దాని అవసరం పడలేదు. కట్ట కట్టేటప్పుడు చచ్చిపోయిన మడచెట్ల బదులు మళ్లీ నాటిన అడవి పచ్చగా ఉంది. లోపల నీళ్ల మడులు ఉన్నాయి, కొన్ని అప్పటికే నిండి గడ్డి మొలిచాయి. తువాస్ నుంచి పడవల మీద బూడిద రాత్రిపూట వస్తుందని చెప్పారు. నేను నిలబడ్డ నేల ఎవరి వంటింటి బూడిదో, అందులో నా ఆంగ్ మో కియో చ్యూట్‌ది కూడా ఉండే ఉంటుంది. మా అత్తగారు అడిగిన ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు అన్నేళ్లు పట్టింది. ఇంటికొచ్చి ఫోన్ చేసి చెప్పాను. "దీవి నిండితే?" అన్నారావిడ. ఆవిడ ఎప్పుడూ అంతే, జవాబు చెప్పగానే ఇంకో ప్రశ్న.

దీవి నిండే ఏడు కూడా చెప్పారండీ. మొదట 2045 దాకా వస్తుందనుకున్నారు. తరువాత లెక్క వేస్తే, ఇలాగే పోస్తుంటే 2035కే నిండిపోతుందన్నారు. 2015లో రెండో భాగం తెరిచాక వేసిన అంచనా అది. ఇంకో సెమకావ్ కట్టడానికి చోటు లేదని ప్రభుత్వమే చెప్తోంది.

"జీరో ల్యాండ్‌ఫిల్" అనే మాట ప్రభుత్వ పత్రంలో 2002లోనే వచ్చింది, ఆ ఏడాది వచ్చిన గ్రీన్ ప్లాన్‌లో. అంటే పూడ్చడానికి ఏమీ మిగలకుండా చూడాలని. దానికి ముందు ఏడాదే, 2001లో, ఇంటింటికీ రీసైక్లింగ్ సంచులు పంచారు. రెండు వారాలకోసారి గుమ్మం దగ్గరికొచ్చి తీసుకెళ్లేవారు. తరువాత ఆ సంచులు పోయి నీలం డబ్బాలొచ్చాయి, ఇప్పుడు బ్లాకుకు ఒకటి. 2019లో జీరో వేస్ట్ ప్రణాళిక ప్రకటించారు. మనిషికి రోజుకింత అని లెక్కేస్తే సెమకావ్‌కి వెళ్లే చెత్త 2030 నాటికి 30 శాతం తగ్గాలని అందులో లక్ష్యం.

కాగితం మీద బాగానే ఉంది. మరి ఇళ్లల్లో? దేశం మొత్తం మీద రీసైక్లింగ్ 2023లో 52 శాతం. అందులో ఎక్కువ భాగం కూల్చిన భవనాల కాంక్రీటు, ఇనుము. ఇళ్ల నుంచి వచ్చేదాంట్లో 12 శాతమే. 2018లో అది 22 శాతం ఉండేది. అంటే మనం ముందుకు కాదు, వెనక్కి నడుస్తున్నాం. నీలం డబ్బాల్లో పడేదాంట్లో 40 శాతం దాకా పనికిరానిదేనని పర్యావరణ శాఖ చెప్తుంది. ఎందుకు పనికిరాదు? ఆ సంగతి నాకు 2018లో తెలిసింది, సిగ్గుపడే విధంగా.

ఆ ఏడాది ఉగాది మార్చి 18, ఆదివారం. మేం కొన్ని కుటుంబాల వాళ్లం కలిసి, మా బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో భోజనాలు పెట్టుకున్నాం. దాదాపు నూట యాభై మంది. కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లాస్టిక్ చెంచాలు. ఉగాది పచ్చడికి విడిగా చిన్న కప్పులు కూడా, అవి మూడొందలు. అంతా అయ్యాక మా కుర్రాళ్లు ఎంతో శ్రద్ధగా ప్లేట్లన్నీ పేర్చి నీలం డబ్బాలో వేశారు, కాగితమే కదా అని. మేం కూడా మెచ్చుకున్నాం.

మర్నాడు పొద్దున్న మా బ్లాకు ఊడ్చే అబ్బాయి నన్ను ఆపాడు. శ్రీకాకుళం జిల్లావాడు. అంతకుముందు రెండేళ్లుగా చూసి నవ్వడమే తప్ప, తెలుగువాడని కూడా నాకు తెలియదు. ముందురోజు మా మైకులో తెలుగు విని ఉంటాడు.

"అక్కా, నిన్న మీరే కదా భోజనాలు పెట్టుకున్నారు?"

"అవును తమ్ముడూ, నువ్వు కూడా రావలసింది."

"అది కాదక్కా. ఆ నీలం డబ్బా ఒకసారి చూడండి."

మూత ఎత్తాను. పైన మా ప్లేట్లు. వాటిలోంచి పప్పుచారు కారి, కింద ఎవరో చక్కగా కట్ట కట్టి పెట్టిన పేపర్ల మీదా, అట్టపెట్టెల మీదా పడింది. పులిహోర మెతుకులు, నేతి మరకలు, చీమలు. "ఇదిక ఎవరూ తీసుకోరక్కా. మొత్తం కాల్చడానికే ఎళ్లిపోద్ది" అన్నాడు. తరువాత, తిట్టినట్టు కాదు గానీ, "పైనుంచి ఏసేటప్పుడు మీకు ఏటీ తెలవదు. చ్యూట్ కింద నేనుంటాను" అని చెయ్యి చూపించాడు. అరచేతి మీద పాత గాజు గాటు. ఎవరో సీసా కాగితంలో చుట్టకుండా పడేశారట.

ఏ బ్లాకు వాళ్లం, ఎవరు అని నేను చెప్పను, అవసరం లేదు. కానీ ఆ రోజంతా నాకు పని మీద మనసు లేదు. మా అత్తగారు గేదె కోసం వెతికిన మనిషి. నేను నూట యాభై ప్లేట్ల ఎంగిలి మంచి కాగితం మీద పోసిన మనిషిని. మధ్యలో ఇరవై ఏళ్లే.

2019 ఉగాదికి స్టీలు కంచాలు వాడదామన్నాను. అబ్బో, ఎన్ని అభ్యంతరాలో! కొన్ని న్యాయమైనవే. కడిగేదెవరు? అదీ అసలు ప్రశ్న. వంట మగవాళ్లు చేసినా, గిన్నెలు ఆడవాళ్ల దగ్గరికే చేరతాయని ఒకావిడ అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి, కడగడానికి వంతులు రాసి, మొదటి రెండు వంతులూ మగవాళ్లకే రాశాం. ఇంకొకాయన అరిటాకులు వేద్దామన్నారు. సంప్రదాయం, పైగా మట్టిలో కలిసిపోతుంది కదా అని. ఇక్కడ మట్టి ఎక్కడుందండీ? అరిటాకైనా చ్యూట్‌లో పడితే వెళ్లేది పొయ్యిలోకే. కడియంలో అయితే ఆకు తినడానికి దూడ ఉంటుంది. ఇక్కడ ఆకు కూడా బూడిదై దీవికే పోతుంది. ఈ సంగతి ఆలోచించకుండా "ప్రకృతి సహజం" అని ముద్ర వేసిన ప్లేట్లు ఎక్కువ డబ్బిచ్చి కొనడం నాకు ఇష్టం లేకపోయింది.

చివరికి ఇండియా వెళ్లినవాళ్లు తలా పదో ఇరవయ్యో తెచ్చి 180 కంచాలయ్యాయి. అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. కంచాలు మధ్యలో అయిపోయి, కడిగేదాకా పాతికమంది ఆకలితో నిలబడ్డారు. ఒకాయన అలిగి కింద కాఫీ షాపులో తినొచ్చాడు. అయినా ఆ సాయంత్రం చెత్త ఎంతయిందో చూస్తే, ముందటేడు పది సంచులైతే ఈసారి మూడు. ఆ మూడూ దాదాపు ఎంగిలి అన్నమే. 2020లో కోవిడ్ వచ్చి భోజనాలే లేవు. మళ్లీ 2023లో కంచాలు అటక మీంచి దించాం.

ఆ ఎంగిలి అన్నం సంగతే ఇప్పటికీ తెగలేదు. ఈ దేశంలో 2023లో ఏడున్నర లక్షల టన్నుల ఆహారం చెత్తయింది. అందులో 18 శాతమే ఏదో ఒక విధంగా మళ్లీ వాడారు. పందుల దొడ్లు పోయిన చోట ఇంకా పూర్తిగా ఏదీ రాలేదన్నమాట. కొందరు మంచివాళ్లు ఆ ఖాళీలో దూరారు. ఫుడ్ ఫ్రమ్ ది హార్ట్ అనే సంస్థ 2003లో, బేకరీల్లో సాయంత్రం మిగిలిన రొట్టెలు తీసుకెళ్లి అవసరమున్నవాళ్లకు ఇవ్వడంతో మొదలైంది. జీరో వేస్ట్ ఎస్‌జీ 2008లో ఒక వెబ్‌సైటుగా పుట్టి, తరువాత సంస్థయింది. 2014లో రిపేర్ కోపిటియం వచ్చింది. పాడైన ఫ్యానూ, మిక్సీ పట్టుకెళ్తే వాలంటీర్లు పక్కన కూర్చోబెట్టి, బాగుచెయ్యడం నేర్పుతారు. మన ఊళ్లో ప్రతి బజారులోనూ ఉండే రిపేరు కొట్టుని ఇక్కడ ఉద్యమంగా మళ్లీ పుట్టించవలసి వచ్చింది చూడండి! 2017 నుంచి ఎస్‌జీ ఫుడ్ రెస్క్యూ వాళ్లు పాసిర్ పంజాంగ్ టోకు మార్కెట్‌లోనూ, మన లిటిల్ ఇండియాలోనూ, అమ్ముడుపోని కూరగాయలు ఏరి పంచుతున్నారు. వంకర తిరిగిన బీరకాయ పులుసులో వంకరగా ఉండదు కదా.

ఇక కరంగ్ గుని వాళ్లు? తగ్గిపోయారు. వాళ్లు సామాన్లు అమ్ముకునే సుంగై రోడ్డు పాత సంత 2017 జూలై 10న మూతపడింది, దాదాపు ఎనభై ఏళ్లు నడిచాక. అట్టపెట్టెలు ఏరుకునే ముసలి అవ్వలు మాత్రం ఇంకా కనిపిస్తారు. 2015లో ఒక మంత్రిగారు వాళ్లతో మాట్లాడి వచ్చి, కొందరు వ్యాయామం కోసం కూడా చేస్తున్నారని రాస్తే పెద్ద గొడవయింది. నిజంగానే ఎవరైనా అలా చెప్పి ఉండవచ్చు, ఆత్మగౌరవం ఉన్నవాళ్లు లేమి సంగతి మంత్రికి చెప్పరు. ఏమైనా ఈ దేశపు అట్టలో కొంత సెమకావ్‌కి పోకుండా ఆపుతున్నది ఆ వంగిన నడుములే.

ఈ మాట మన తెలుగు పట్టణాలు ఇంతకుముందే పట్టుకున్నాయి. 2003 ప్రాంతంలో సూర్యాపేట మున్సిపల్ కమిషనర్‌గా ఎస్.ఏ. ఖాదర్ సాహెబ్ ఉన్నప్పుడు, ఇంటింటికీ రెండు డబ్బాలు పెట్టించి తడి చెత్త వానపాముల ఎరువుకూ, పొడి చెత్త అమ్మకానికీ పంపారు. చెత్త కుండీలు లేని ఊరని దేశమంతా వచ్చి చూసింది. 2012లో వరంగల్ కూడా ఆ దారి పట్టింది. అక్కడ పెద్ద యంత్రాలేమీ లేవు. ఎవరింట్లో వాళ్లు వేరుచేశారు, అంతే. సింగపూర్ దగ్గర డబ్బుంది, యంత్రాలున్నాయి. బూడిదనే ఇసుకలా రోడ్లలో వాడొచ్చా అని ప్రయోగాలు కూడా చేస్తోంది, తానా మెరా కోస్ట్ రోడ్డులో కొంత ముక్క అలా వేసి చూశారు. కానీ ఎంగిలి వేరుచేసే చెయ్యిని ఏ యంత్రంతో కొంటారు?

పోయినసారి ఉగాదికి మా బ్లాకు శ్రీకాకుళం తమ్ముణ్ణి భోజనానికి పిలుద్దామనుకున్నాను. అతని పర్మిట్ అయిపోయి వెళ్లిపోయాడని కొత్తగా వచ్చినవాళ్లు చెప్పారు. నంబరు తీసుకోవాలని నాకు తట్టనే లేదు.

మా అత్తగారికి ఇప్పుడు ఎనభై ఆరు. చెవులు సరిగ్గా వినపడవు గానీ ప్రశ్నలు తగ్గలేదు. మొన్న వీడియోలో కంచాల గుట్ట చూపిస్తే, "మరి కడిగిన నీళ్లు?" అన్నారు.

అన్నట్టు, ఆ 180 కంచాలు ఏడాదిలో 364 రోజులు మా ఇంట్లో ఖాళీగానే ఉంటాయి. ఎవరింట్లోనైనా వ్రతమో, పుట్టినరోజో, బారసాలో ఉంటే తీసుకెళ్లండి, అద్దె లేదు. ఒక్కటే షరతు, తిరిగిచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇవ్వాలి. పోయినసారి నాలుగు తక్కువొచ్చాయి.